డిశ్చార్జి ఐదో రోజు, గండం మూడో వారం

ముందు నాలుగు అంకెలు చూద్దాం. ఏ ఆపరేషనూ లేకుండా మామూలుగా తిరుగుతున్న నడివయసు ఆడవాళ్లలో, ఏ పన్నెండు వారాలు తీసుకున్నా, సిరల్లో రక్తం గడ్డకట్టి ఆసుపత్రి పాలయ్యేది 6,200 మందికి ఒకరు. పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికొచ్చేసే చిన్న ఆపరేషన్ అయితే, ఆ తర్వాతి పన్నెండు వారాల్లో 815 మందికి ఒకరు. ఆసుపత్రిలో పడుకుని చేయించుకునేదైతే 140 మందికి ఒకరు. తుంటి కీలో మోకీలో మార్పించుకుంటే 45 మందికి ఒకరు. బ్రిటన్‌లో 9,47,454 మంది మహిళల వివరాలు వెంటపడి సేకరించి 2009లో వెలువరించిన లెక్క ఇది.

వీటన్నిటికన్నా మనకి ఎక్కువ పనికొచ్చే అంకె మరొకటుంది. అది 3. గడ్డ బయటపడే ప్రమాదం అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది ఆపరేషన్ రోజునా కాదు, మర్నాడూ కాదు, మూడో వారంలో. పడుకుని చేయించుకున్న ఆపరేషన్ అయితే మొదటి ఆరు వారాల్లో ప్రమాదం మామూలు మనిషి కంటే 70 రెట్లు ఉంది. ఏడో వారం నుంచి పన్నెండో వారం దాకా కూడా సుమారు 20 రెట్లు.

మూడో వారానికి మన మనిషి ఎక్కడుంటాడు? నెల్లూరు పెద్దాసుపత్రిలోనో, ఊళ్లోని ప్రైవేటు ఆసుపత్రిలోనో, చెన్నైలోనో, వేలూరులోనో ఆపరేషన్ అయి, డిశ్చార్జి అయి, కుట్లు కూడా విప్పించుకుని విడవలూరులోనో, ఇందుకూరుపేటలోనో, తూపిలిపాళెంలోనో సొంతింట్లో మంచం మీద ఉంటాడు. చుట్టూ నర్సులుండరు. చూడవచ్చిన చుట్టాలుంటారు. కాలిలో గడ్డ కట్టకుండా చూసుకోవడంలో సగం పని ఆసుపత్రిదైతే సగం ఇంటిది. ఆసుపత్రి సగం గురించి డాక్టర్లు వాళ్లలో వాళ్లు చాలానే మాట్లాడుకున్నారు. ఇంటి సగం గురించి పేషెంటుకి చెప్పినవాళ్లే తక్కువ.

గడ్డ ఎందుకు కడుతుంది

రక్తం గడ్డకట్టడం శరీరానికి రక్షణే. కోసినచోట అది కట్టకపోతే ఆపరేషన్ అనే మాటే ఉండదు. కట్టకూడని చోట కట్టినప్పుడే చిక్కు. జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో 1856 నాటికే దీని గుట్టు విప్పడం మొదలుపెట్టాడు. ఆయన పేరు మీద ఇప్పటికీ మూడు కారణాలు చెబుతారు: ప్రవాహం మందగించడం, సిర గోడ దెబ్బతినడం, రక్తానికి గడ్డకట్టే గుణం పెరగడం. పెద్ద ఆపరేషన్‌లో ఈ మూడూ ఒకే రోజున కూడివస్తాయి. మత్తులో పిక్కలు గంటల తరబడి కదలవు. ఎముక దగ్గర పని చేసేటప్పుడు కాలిని మెలితిప్పక తప్పదు, సిరలు నలుగుతాయి. గాయం అయింది కాబట్టి శరీరం రక్తాన్ని గడ్డకట్టడానికి సిద్ధం చేసి ఉంచుతుంది.

రొయ్యల చెరువులు చూసిన కోస్తా వాళ్లకి ఇందులో మొదటి కారణం వెంటనే అర్థమవుతుంది. రాత్రి కరెంటు పోయి ఏరియేటర్లు ఆగిపోతే చెరువులో నీళ్లు ఎక్కడికీ పోవు. ఆక్సిజన్ మాత్రం పడిపోతుంది, తెల్లారేసరికి రొయ్య పైకి తేలుతుంది. కాలి సిరల్లో రక్తం కిందికి జారకుండా కవాటాలుంటాయి, వాటి వెనక చిన్న చిన్న సందులుంటాయి. నడిచేటప్పుడు పిక్క కండరం బిగిసి వదులుతూ ఆ సందుల్లోని రక్తాన్ని కలియబెడుతుంటుంది. కదలిక ఆగితే అక్కడ ఆక్సిజన్ తగ్గుతుంది, సిర లోపలి పొర గుణం మారి రక్తకణాలు దానికి అంటుకోవడం మొదలవుతుంది. గడ్డ పుట్టేది చాలాసార్లు అక్కడే, పిక్కలో.

పిక్కలో పుట్టినవి చాలా వరకు అక్కడే కరిగిపోతాయి. నాలుగైదింటిలో ఒకటి మాత్రం మోకాలు దాటి తొడలోకి పాకుతుంది. తొడలోని గడ్డ పెద్దది. అందులోంచి ముక్క తెగితే పొట్టలోని పెద్ద సిర మీదుగా గుండె కుడివైపుకి, అక్కడి నుంచి ఊపిరితిత్తికి వెళ్లి రక్తనాళాన్ని మూసేస్తుంది. దీన్నే పల్మనరీ ఎంబాలిజం అంటారు. బాగా కోలుకుంటున్న మనిషి బాత్రూమ్‌కి వెళ్లి కుప్పకూలిపోయాడని వింటుంటాం. జనం గుండెపోటని చెప్పుకునే అలాంటి కొన్ని చావుల వెనక ఉండేది ఇదే.

మనవాళ్లకి రాదన్న మాట

ఇది తెల్లవాళ్ల జబ్బనీ, మన తిండికీ మన ఎండకీ రక్తం పలచగా ఉంటుందనీ డాక్టర్లలో కూడా చాలాకాలం ఒక నమ్మకం ఉండేది. అది నిలవలేదు. ఆసియా దేశాల్లోని 19 ఆసుపత్రుల్లో, మందేమీ ఇవ్వకుండా తుంటి, మోకీలు ఆపరేషన్లు చేసినవాళ్లకి రంగు ఎక్కించి సిరల ఎక్స్‌రేలు తీశారు. 2005లో వచ్చిన ఆ ఫలితాల్లో 41 శాతం మందికి గడ్డలు కనిపించాయి. పాశ్చాత్య దేశాల్లో అదే పద్ధతిలో వెతికితే దొరికింది 40 నుంచి 60 శాతం. పెద్ద తేడా ఏం లేదు.

41 శాతమా అని గాబరా పడక్కర్లేదు. ఇవి వెతికితే దొరికే గడ్డలు, అందులో ఎక్కువ భాగం ఏ బాధా పెట్టకుండా పోతాయి. కాలు వాచో, ఆయాసం వచ్చో బయటపడేవి ఎన్నో చూస్తే అంకె చాలా దిగుతుంది. అమెరికా ఛాతీ వైద్యుల సంఘం 2012లో వేసిన అంచనా ప్రకారం, పెద్ద ఎముకల ఆపరేషన్ తర్వాత మందేమీ వాడకపోతే 35 రోజుల్లో బాధపెట్టే గడ్డలు వచ్చేది 4.3 శాతం మందికి. గడ్డ కట్టనివ్వని ఇంజెక్షన్ వాడితే 1.8 శాతం. వెయ్యిమందిని తీసుకుంటే 43కి బదులు 18. అంటే 40 మందికి ఇంజెక్షన్ చేస్తే ఒకరు తప్పించుకుంటారు. పత్రికల్లో ఒకచోట 50 శాతమనీ ఇంకోచోట ఒక శాతమనీ చదివి ఎవరో అబద్ధం చెబుతున్నారనుకోవద్దు. వెతికి పట్టుకున్న గడ్డలు వేరు, వాటంతటవే బయటపడ్డ గడ్డలు వేరు. రెండు లెక్కలూ నిజమే.

నెల్లూరు వాళ్లకి బాగా పరిచయమున్న వేలూరు సీఎంసీ ఆసుపత్రి 1996 నుంచి 2005 దాకా తన రికార్డులు తిరగేసింది. అన్ని వార్డులూ కలిపి, చేరిన ప్రతి 10,000 మందిలో 17.46 మందికి కాలి సిరల్లో గడ్డ తేలింది. అంటే సుమారు 570 మందికి ఒకరు. అరుదైన జబ్బయితే కాదు.

అసలు సిగ్గుపడాల్సిన లెక్క వేరే ఉంది. 32 దేశాల్లోని 358 ఆసుపత్రుల్లో ఒక్కో రోజు నిలబడి, ఆ రోజు మంచాల మీదున్నవాళ్లలో గడ్డ ప్రమాదం ఎందరికుంది, వాళ్లలో జాగ్రత్త ఎందరికి అందుతోంది అని చూశారు. ఎండార్స్ అనే ఈ సర్వే 2008లో వచ్చింది. ఇందులో భారత్‌కి సంబంధించిన భాగాన్ని 2012లో ప్రచురించిన బృందానికి ముందు నిలిచింది హైదరాబాద్ నిమ్స్ రక్తనాళాల సర్జన్ పింజల రామకృష్ణ. మన దేశంలో 10 ఆసుపత్రులు, 2,058 మంది రోగులు. ఆపరేషన్ వార్డుల్లో 1,110 మంది ఉంటే 680 మందికి ప్రమాదం ఉంది, అంటే 61.3 శాతం. ప్రపంచ సగటు 64.4 శాతం కాబట్టి ప్రమాదంలో మనం అందరితో సమానమే. జాగ్రత్త దగ్గరికి వచ్చేసరికి, ప్రమాదంలో ఉన్న ఆపరేషన్ రోగుల్లో సరైన మందో సాధనమో అందింది ప్రపంచమంతా చూస్తే 58.5 శాతానికి, మన దగ్గర 16.3 శాతానికి. ఆరుగురిలో ఒకరికి.

ఆ సర్వే జరిగి చాలా ఏళ్లయింది. ఇప్పుడు పెద్ద ఎముకల ఆసుపత్రుల్లో పరిస్థితి మెరుగే, మోకీలు మార్పిడి చేసే సర్జన్ ఎవరూ ఈ మాట మరిచిపోరు. నా భయమంతా మిగతా వార్డుల గురించే. గర్భసంచి తీసేసేచోట, పేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ చేసేచోట, హైవే మీద ప్రమాదంలో కాలు విరిగొచ్చినవాడు ఆపరేషన్ కోసం రోజుల తరబడి ఎదురుచూసేచోట దీన్ని ఎవరు గుర్తుచేస్తారు? ఇంగ్లండ్‌లో గడ్డల వల్ల ఏటా 25,000 మంది పోతున్నారని 2005లో పార్లమెంటు సంఘం తేల్చాక, 2010 నుంచి ఆసుపత్రిలో చేరిన ప్రతి పెద్దవాళ్లకీ ప్రమాద అంచనా కాగితం నింపడం తప్పనిసరి చేశారు. గుర్తుచేసే పని మనిషికి కాకుండా కాగితానికి అప్పజెప్పారన్నమాట.

మార్కులు

ఆ కాగితాల్లో ప్రపంచమంతా ఎక్కువగా వాడేది కాప్రినీ పట్టిక. అమెరికా సర్జన్ జోసెఫ్ కాప్రినీ తయారుచేసింది. దీన్ని ఇంట్లో కూర్చుని కూడా వేసుకోవచ్చు. ముత్తుకూరు వైపు ఒక పల్లెలో 68 ఏళ్ల పెద్దావిడ వాకిట్లో జారిపడి తుంటి ఎముక విరిగిందనుకుందాం. వయసు 61 నుంచి 74 మధ్య కాబట్టి 2 మార్కులు. తుంటి విరిగినందుకు 5. ముప్పావుగంట దాటే ఆపరేషన్‌కి 2. మూడు రోజులకి మించి మంచంలో ఉన్నందుకు 2. కాళ్లలో ఉబ్బిన నరాలుంటే ఇంకొకటి. మొత్తం 12. ఈ పట్టికలో 5 వస్తేనే ఎక్కువ ప్రమాదం కిందికి వస్తుంది.

ఇప్పుడు వల లాగే 45 ఏళ్ల మనిషిని తీసుకోండి. ల్యాప్రోస్కోపీతో హెర్నియా ఆపరేషన్. వయసుకి 1, ఆపరేషన్‌కి 2, కాస్త బరువెక్కువైతే 1. మొత్తం 4. మధ్యస్థం. డాక్టరు ఇంజెక్షన్ రాయొచ్చు, కాళ్లకి గాలిపంపు తొడగొచ్చు, రెండూ అక్కర్లేదని త్వరగా నడిపించనూ వచ్చు. కానీ ఆయన తోబుట్టువులకెవరికైనా ఇదివరకు కాలిలో గడ్డ వచ్చి ఉంటే ఆ ఒక్క మాటకే మరో 3 మార్కులు పడి 7 అవుతుంది. మందు తీరే మారిపోతుంది. చేర్చుకునేటప్పుడు డాక్టరు అడిగినా అడక్కపోయినా మనమే చెప్పాల్సినవి ఇలాంటివే: ఇంట్లో ఎవరికైనా గడ్డ వచ్చిందా, తనకి ఇదివరకు వచ్చిందా, క్యాన్సర్ ఉందా, నెలసరి సర్దుబాటుకో పిల్లలు పుట్టకుండానో హార్మోన్ మాత్రలు వాడుతోందా.

తుంటి విరిగినప్పుడు పుత్తూరు కట్టుకి తీసుకెళ్లడం మన వైపు మామూలే. కట్టు మంచిచెడ్డల జోలికి ఇక్కడ పోను. ఆపరేషన్ తప్పింది కాబట్టి గడ్డ భయమూ తప్పిందనుకోవడం మాత్రం పొరపాటు. పై లెక్కలో ఆపరేషన్ మార్కులు 2 తీసేసినా పెద్దావిడకి 10 మిగులుతాయి. పైగా కట్టుతో వారాల తరబడి మంచం దిగని మనిషికి గడ్డ మందు గురించి చెప్పేవాళ్లే ఉండరు.

బొడ్డు పక్కన సూది

గడ్డ రాకుండా ముందే హెపారిన్ ఇవ్వొచ్చని పెద్ద ఎత్తున రుజువు చేసింది లండన్ కింగ్స్ కాలేజీలో పనిచేసిన భారత సంతతి సర్జన్ విజయ్ కక్కర్. 1975లో వచ్చిన ఆ ప్రయోగంలో 4,121 మంది ఉన్నారు. సగం మందికి ఆపరేషన్‌కి రెండు గంటల ముందు 5,000 యూనిట్లు, తర్వాత వారంపాటు ఎనిమిది గంటలకోసారి ఇచ్చారు. మిగతా సగానికి ఇవ్వలేదు. ఇవ్వనివాళ్లలో ఊపిరితిత్తుల గడ్డతో 16 మంది చనిపోయారు. ఇచ్చినవాళ్లలో ఇద్దరు. సుమారు 150 మందికి వారంపాటు సూదిమందు చేస్తే ఒక ప్రాణం నిలిచిందన్నమాట. గాయం దగ్గర రక్తం చేరడం మాత్రం ఇచ్చినవాళ్లలోనే ఎక్కువ. ఈ బేరసారం ఇప్పటికీ తీరలేదు, తీరదు కూడా. రక్తం కారే భయం, గడ్డకట్టే భయం రెండింటినీ తూచి రాసేదే ఈ మందు. పక్కింటాయనకి రాశారు కదా అని అడిగి వేయించుకునేది కాదు.

ఇప్పుడు ఎక్కువగా వాడేది ఎనోక్సాపరిన్, మామూలుగా రోజుకొకసారి 40 మిల్లీగ్రాములు. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవాళ్లకి మోతాదు తగ్గిస్తారు. వెన్నులో మత్తు ఇచ్చేముందు ఈ డోసు పడి కనీసం 12 గంటలు గడిచి ఉండాలి, లేకపోతే వెన్ను దగ్గర రక్తం చేరొచ్చు. కాబట్టి ఆసుపత్రి మారినప్పుడు చివరి ఇంజెక్షన్ ఎన్ని గంటలకు పడిందో కాగితం మీద ఉండాలి. నెల్లూరు నుంచి రాత్రికి రాత్రి చెన్నై అంబులెన్స్ ఎక్కేటప్పుడు అందరూ స్కానింగులు సంచిలో పెడతారు, ఈ టైము ఎవరూ రాసుకోరు.

మాత్రల సంగతీ చెప్పుకోవాలి. ఇంజెక్షన్ బదులు చవకైన ఆస్పిరిన్ సరిపోతుందా అన్న ప్రశ్న మీద ఈ మధ్య మంచి ప్రయోగాలే జరిగాయి. ఆస్ట్రేలియాలో 2022లో వచ్చిన ప్రయోగంలో తుంటి, మోకీలు మార్పిడి అయినవాళ్లకి మొదటి నుంచీ ఆస్పిరిన్ ఒక్కటే ఇస్తే 90 రోజుల్లో 3.45 శాతం మందికి గడ్డ బాధలు వచ్చాయి. ఎనోక్సాపరిన్‌తో 1.82 శాతం. ఇందులో ఆస్పిరిన్ ఓడింది. కానీ కెనడాలో 2018లో వచ్చిన ప్రయోగం మరోలా చేశారు. 3,424 మందికి మొదటి ఐదు రోజులూ రివరోక్సబాన్ మాత్ర ఇచ్చి, ఆ తర్వాత సగం మందిని ఆస్పిరిన్‌కి మార్చారు. గడ్డలు 0.64 శాతం, 0.70 శాతం. తేడా లేనట్టే. రెండూ కలిపి చదివితే నాకు తోచేదేమంటే, మొదటి రోజుల్లో గట్టి మందు కావాలి, దారి కుదుటపడ్డాక చిన్న మాత్ర లాక్కురాగలదు. 2023లో అమెరికా, కెనడాల్లో ఎముకలు విరిగిన 12,211 మంది మీద చేసిన ప్రయోగంలో చావులు రెండు వైపులా దాదాపు సమానమే, కాలి గడ్డలు మాత్రం ఆస్పిరిన్ వైపు 2.51 శాతం, ఇంజెక్షన్ వైపు 1.71 శాతం. గుండెకి వేసుకునే 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఎలాగూ ఉంది కదా అని డాక్టరు రాసిన ఇంజెక్షన్ మానేయడానికి ఈ అంకెలేవీ ఒప్పుకోవు.

బిగుతు మేజోళ్ల గురించి ఒక్క ముక్క. ఇంజెక్షన్ తీసుకుంటున్న ఆపరేషన్ రోగులకి మేజోళ్లు కూడా తొడిగితే అదనపు లాభం ఉందా అని బ్రిటన్‌లో 1,905 మంది మీద చూసి 2020లో చెప్పారు: ఇంజెక్షన్ ఒక్కటే అయితే 1.7 శాతం, మేజోళ్లు కలిపితే 1.4 శాతం. చెప్పుకోదగ్గ తేడా కాదు. షుగరుతో పాదాలు తిమ్మిరెక్కినవాళ్లకీ, కాలికి రక్తం సరిగా అందనివాళ్లకీ బిగుతు మేజోళ్లు పుండ్లు తెచ్చిపెడతాయి. డబ్బులు ఒకదానికే ఉంటే మేజోళ్ల మీద కాదు, మందు మీద పెట్టండి.

పదిహేను రోజులకీ ముప్పై అయిదుకీ మధ్య

మందు ఎన్నాళ్లు? మోకీలు మార్పిడికి కనీసం 10 నుంచి 14 రోజులు. తుంటి ఆపరేషన్‌కి 35 రోజుల దాకా. పొట్టలోనో కటి భాగంలోనో క్యాన్సర్‌కి పెద్ద ఆపరేషన్ అయితే నాలుగు వారాలు. ఈ నాలుగు వారాల మాట ఊరికే వచ్చింది కాదు. 2002లో 332 మంది క్యాన్సర్ రోగుల మీద చూస్తే వారం పది రోజులకే ఆపేసినవాళ్లలో 12 శాతానికి గడ్డలు దొరికాయి, నాలుగు వారాలు వాడినవాళ్లలో 4.8 శాతానికి. కీళ్లలో కూడా తేడా ఉంది. గడ్డ బయటపడటానికి మోకీలు మార్పిడి తర్వాత సగటున 9.7 రోజులు పడితే, తుంటి మార్పిడి తర్వాత 21.5 రోజులు పట్టింది. తుంటి రోగి ఇంటికెళ్లాకే ప్రమాదంలో పడతాడు.

మరి డబ్బు? 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ, తొలినాళ్ల నుంచీ రాసుకున్న నిబంధన ప్రకారం డిశ్చార్జి తర్వాత 10 రోజుల మందులు ప్యాకేజీలోనే ఇవ్వాలి. 30 రోజుల్లోపు ఆపరేషన్ వల్ల ఏదైనా చిక్కు వస్తే ఆ వైద్యమూ అందులోదే. తుంటికి ఆపరేషన్ అయి ఐదో రోజు ఇంటికొస్తే, 5 ఇంకా 10 కలిపి 15 రోజులు గడుస్తాయి. డాక్టరు 35 రోజులు రాస్తే మిగిలిన 20 రోజులు జేబులోంచే. చాలా ఇళ్లలో మందు ఆగేది ఇక్కడే, సరిగ్గా మూడో వారం మొదలయ్యేచోట. డిశ్చార్జి రోజున, ఆ పథకం తరఫున ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రని అడగాల్సిన ప్రశ్న ఇదే: గడ్డ మందు ఎన్ని రోజులకి ఇచ్చారు, డాక్టరు రాసింది ఎన్ని రోజులకి? రెండూ ఒకటి కాకపోతే, మిగతా రోజులకి చవకైన మాత్రకి మార్చవచ్చా అని అక్కడే డాక్టరుని అడిగి రాయించుకోవాలి. ఎనోక్సాపరిన్ జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది కాబట్టి దాని ధర మీద ప్రభుత్వ నియంత్రణ ఉంటుంది, కంపెనీని బట్టి ఆ పరిమితికి లోపల తేడాలుంటాయి.

ఇంజెక్షన్ వేసుకోవడం ఇంట్లోనే నేర్చుకోవచ్చు. బొడ్డుకి రెండంగుళాలు తప్పించి, పొట్ట పక్కన చర్మాన్ని రెండు వేళ్లతో మడతగా పట్టి, సూదిని నిటారుగా పూర్తిగా దించాలి. మందు నిండా వెళ్లేదాకా మడత వదలకూడదు. 40 మిల్లీగ్రాముల సిరంజిలో చిన్న గాలి బుడగ ఉంటుంది, దాన్ని తీయకూడదు. అది కావాలనే పెట్టింది, మందు మొత్తం లోపలికి నెట్టడానికి. వేశాక రుద్దకూడదు, రుద్దితే కమిలిపోతుంది. ఒకరోజు ఎడమ, ఒకరోజు కుడి. రోహిణి కార్తెలో అయితే మందుని ఎండ తగలని చల్లటి చోట ఉంచాలి, అలాగని ఫ్రీజర్‌లో పెడితే పాడవుతుంది.

బాలింత మంచం

కోస్తాలో ఎక్కువమందికి జరిగే ఆపరేషన్ మోకీలు కాదు, సిజేరియన్. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద కాన్పుల్లో 21.5 శాతం సిజేరియన్లు. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. వేరే దేశాల అధ్యయనాలన్నీ కలిపి చూస్తే సిజేరియన్ తర్వాత గడ్డ వచ్చేది వెయ్యికి 2.6 మందికి, మామూలు కాన్పుకంటే సుమారు నాలుగు రెట్లు. వెయ్యికి 2.6 చిన్న అంకెలాగే ఉంటుంది. కానీ ఆంధ్రలో ప్రతి పది కాన్పుల్లో నాలుగు ఇలాగే జరుగుతున్నప్పుడు చిన్న అంకెని పెద్ద సంఖ్యతో గుణించాలి.

పైగా మన ఆచారాలు. బాలింత మంచం దిగకూడదంటారు. నీళ్లెక్కువ తాగితే పొట్ట పెరుగుతుందనీ, కుట్లు చీము పడతాయనీ గ్లాసు లెక్కపెట్టి పోస్తారు. చెవుల్లో దూది, కిటికీలు మూసిన గది, మే నెల. విర్కో చెప్పిన మూడింటిలో సిర దెబ్బ ఒక్కటే డాక్టరు చేతిలోది, మిగతా రెండూ మన చేతులారా సమకూరుస్తున్నాం. చెవుల్లో దూది వల్ల పోయేదేం లేదు, ఉంచుకోండి. నీళ్లు మాత్రం తాగనివ్వాలి, మర్నాటి నుంచీ నడవనివ్వాలి. నొప్పులు మొదలయ్యాక అత్యవసరంగా సిజేరియన్ అయినవాళ్లకి 10 రోజుల ఇంజెక్షన్ ఆలోచించాలని బ్రిటన్ ప్రసూతి వైద్యుల సంఘం చెబుతుంది. పాలిచ్చే తల్లికి ఆ ఇంజెక్షన్‌తో ఇబ్బంది లేదు. గడ్డ ప్రమాదం కాన్పు తర్వాత ఆరు వారాలు బాగా ఉండి, పన్నెండు వారాల దాకా కొద్దిగా మిగులుతుంది. బాలింతకి ఆయాసం వస్తే బలహీనత అని సరిపెట్టుకోకూడదు.

టేపు

మంచం మీద ఉన్నంతసేపూ చేయదగ్గ పని చీలమండ ఆడించడం. పాదాన్ని ముఖం వైపు లాగి, కిందికి నొక్కి, మళ్లీ లాగాలి. మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి పదిపదిహేను సార్లు. "అవ్వా, కాలాడించు" అని మనవడు గుర్తుచేస్తే "ఏందిరా నీ గోల" అని ఆమె విసుక్కుంటుంది. విసుక్కున్నా ఆడిస్తే చాలు. మందుకి బదులు కాదిది, మందుతో పాటు. చెన్నైలో ఆపరేషన్ అయి 175 కిలోమీటర్లు కారులో వచ్చేవాళ్లు సూళ్లూరుపేటలోనో నాయుడుపేటలోనో దిగి నాలుగడుగులు వేయాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనే నాలుగు గంటలు దాటిన ప్రయాణం గడ్డ ప్రమాదాన్ని రెట్టింపు చేస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం తేల్చింది. వాళ్లకి అది 6,000 మందికి ఒకరు కాబట్టి పట్టించుకోనక్కర్లేదు. ఆపరేషన్ అయినవాళ్ల లెక్క వేరు.

ఇక ఇంట్లో దర్జీ టేపు ఒకటి ఉంచుకోండి. మోకాలి చిప్ప కింద ముందువైపు తగిలే ఎముక గుబ్బ నుంచి 10 సెంటీమీటర్లు కిందికి కొలిచి పెన్నుతో గీత పెట్టి, అక్కడ రెండు పిక్కల చుట్టుకొలత చూడాలి. ఒకటి రెండోదానికంటే 3 సెంటీమీటర్లకి మించి లావుంటే అది డాక్టర్లు వాడే వెల్స్ పట్టికలో మార్కు పడే వాపు. మోకీలు ఆపరేషన్ అయిన కాలు ఎలాగూ వాస్తుంది కాబట్టి అక్కడ ఒక్కరోజు కొలత చాలదు. రోజూ రాసుకుంటే తగ్గుతున్న వాపు మళ్లీ పెరగడం కనిపిస్తుంది. కోస్తాలో కాలు వాచగానే బోదకాలేమో అంటారు. బోదకాలు వాపు నెలలూ ఏళ్లూ పట్టి వస్తుంది. నాలుగు రోజుల్లో ఒక్క కాలే వాచి, పిక్క నొక్కితే నొప్పి, తాకితే వేడి ఉంటే అది వేరే కథ. అలాంటి కాలికి ఆముదం రాసి మర్దన చేయకూడదు, ముక్క తెగి పైకి పోయే ప్రమాదం ఉంది. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి తీస్తే ఛాతీలో పోటు, దగ్గులో రక్తం, కళ్లు తిరగడం, వీటిలో ఏది వచ్చినా కాలు కొలుస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేసి, ఆపరేషన్ ఎప్పుడైందో ముందే చెప్పాలి.

కాలి వాపుకి తేల్చే పరీక్ష డాప్లర్ స్కానింగ్. డాక్టరు ప్రోబ్‌తో సిర మీద నొక్కుతారు. ఖాళీ సిర అణిగి కనిపించకుండా పోతుంది, గడ్డ ఉన్న సిర అణగదు. గడ్డల జాడ వెతికే డీ-డైమర్ రక్తపరీక్ష ఆపరేషన్ కొత్తలో ఎలాగూ ఎక్కువే చూపిస్తుంది, దాని మీద డబ్బు పెట్టేముందు డాప్లర్ ఎక్కడ చేస్తారో అడగండి. గడ్డ ఉందని తేలితే మందు మోతాదు పెరుగుతుంది, ఆపరేషన్ వల్ల వచ్చిన గడ్డకి మామూలుగా 3 నెలలు వాడాలి. ఆ 3 నెలల్లో పన్ను పీకించుకోవాలన్నా, మోకాలి నొప్పికి మందుల షాపులో బిళ్ల అడగాలన్నా ముందు ఆ డాక్టరుకి ఫోన్ చేయాలి.